పుంగనూరు ఫారంలో నేను రాసిన కారణం

తిరిగొచ్చి నెల దాటింది. సంచికి పట్టిన దుమ్ము వదిలింది గానీ నా కోపం వదల్లేదు. ఆ పక్కకి వెళ్ళొచ్చావు కదా, హార్స్లీ హిల్స్ ఎలా ఉంది అని మా అక్క అడిగితే కసురుకున్నాను. నేను హార్స్లీ హిల్స్ చూడలేదు. బస్సు కిటికీలోంచి దూరంగా నీలంగా ఒక కొండ కనపడితే అదేనని పక్కసీటాయన చెప్పాడు. నేను చూసింది మూడు ఊళ్ళు, ముప్ఫై కంప్యూటర్లు, ఒక టైపు మిషను. ఆ పక్కకి వెళ్ళని వాళ్ళ కోసం వాటి గురించే రాస్తాను. కొండ చూడాలనుకున్న వాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

నేను పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. ఉద్యోగం హైదరాబాదులో, కంప్యూటర్లు అమర్చే ఒక చిన్న కంపెనీలో. ఆడవాళ్ళకు తెలుగు టైపింగు, కంప్యూటరు నేర్పడానికి ఒక ట్రస్టు మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో సెంటర్లు పెట్టింది. ఒక్కో చోట పది మిషన్లు. దసరా వెళ్ళిన వారం అది. మూడు చోట్లా శుక్రవారమే ప్రారంభం. సోమవారం నుంచి గురువారం లోపల అన్నిటికీ విండోస్ వేసి, తెలుగు వేసి అప్పజెప్పి రమ్మని నన్ను ఒక్కడినే తోలారు.

ముప్ఫై మిషన్ల ముందు కూర్చుని అది అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు కొట్టే ఓపిక నాకు లేదు. అందుకని ముందే ఒక సీడీ చేసుకున్నాను. జవాబులన్నీ ఒక ఫైల్లో రాసి అందులో పెట్టేశాను. సీడీ పెట్టి వదిలేస్తే విండోస్ తనంతట తానే ఎక్కుతుంది. దాంతోపాటు ఒక ప్రత్యేకమైన ఫోల్డరు ఉంటుంది. తెలుగు అక్షరాలు, తెలుగు కీబోర్డు, పాఠాలు అన్నీ అందులో పెట్టాను. విండోస్ ఎక్కుతూ ఆ ఫోల్డరును కూడా వెతుక్కుని కాపీ చేసుకోవాలి. ఆఫీసులో ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి వైరు మీద ఎక్కించి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత ఉన్నదున్నట్టు సీడీలోకి ఎక్కించి, రెండు ప్రతులు తీసుకుని బస్సెక్కాను. ఆ సీడీని ఏ మిషన్లోనూ పెట్టి చూడలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నెల పట్టింది.

సోమవారం, మదనపల్లె

మదనపల్లెలో దిగగానే ముక్కుకు తగిలేది టమోటా. పచ్చి టమోటా, పండు టమోటా, లారీ చక్రం కింద నలిగిన టమోటా. మా వైపు మిరపకాయల ఘాటుకు తుమ్ముతాం గానీ ఇక్కడ గాలే పుల్లగా ఉంది. చల్లగానూ ఉంది. పొద్దున్నే స్వెట్టర్లు వేసుకుని, చెవులకు మఫ్లర్లు చుట్టుకుని టీ తాగుతున్నారు. పండక్కి బస్సుల ముందర కట్టిన అరటి పిలకలు ఎండిపోయి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మా దగ్గర దసరా అంటే అమ్మవారు. ఇక్కడ అమ్మవారితో సమానంగా మెకానిక్కు స్పానర్లకూ, దర్జీ కుట్టుమిషనుకూ, బస్సు స్టీరింగుకూ పసుపు కుంకుమ దక్కుతాయి. కన్నడ దేశం, అరవ దేశం రెండూ పక్కనే కదా, ఆయుధ పూజ వాళ్ళలాగే గట్టిగా చేస్తారు.

సెంటరులో తాళం తీసే ఆయన తప్ప ఇంకెవరూ లేరు. ఆయన తలుపు తీసి, కుర్చీలో కూర్చుని, కునుకు తీశాడు. మొదటి మిషన్లో సీడీ పెట్టాను. విండోస్ ఎక్కింది. తెలుగు ఎక్కలేదు. తప్పు జరిగిందని ఒక్క ముక్క కూడా చెప్పలేదు దరిద్రపు మిషను. అంతా సవ్యంగా అయిందని తెర మీద నీలిరంగులో నవ్వుతోంది, లోపల తెలుగు ఫోల్డరు లేదు. రెండో దాన్లో లేదు, మూడో దాన్లో లేదు. పదింటిలోనూ లేదు.

అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. నేను తిట్టాను. ఖాళీ సీడీలు అమ్మిన హైదరాబాదు కోఠీ కొట్టువాణ్ణి తిట్టాను, కరెంటును తిట్టాను. తర్వాత అదే సీడీలోంచి తెలుగు ఫోల్డరును చేత్తో ఒక్కో మిషన్లోకీ కాపీ చేశాను. చేత్తో చేస్తే చక్కగా వచ్చింది. చేత్తో కాపీ అవుతోందంటే సీడీ బాగానే ఉన్నట్టు కదా. ఇంత చిన్న లెక్క నా బుర్రకు తట్టలేదు, కోపంలో ఉన్నాను కాబట్టి. సెంటరు అప్పజెప్పినట్టు నింపాల్సిన ఫారంలో "సంతృప్తికరం" అని రాసి, సీడీలు నాసిరకానివని తేల్చేసి, ఒక ఇంటర్నెట్ సెంటర్లో మంచి కంపెనీ సీడీలు రెండు కొని వాటి మీదికి మళ్ళీ ఎక్కించుకున్నాను.

ఆ పూట తిన్నది రాగిసంగటి, ఊరిబిండి. ఊరిబిండి అంటే మా వైపు వేరుశెనగ అనే చెనక్కాయలు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన పచ్చడి. హోటలాయన నా కంచంలో పిడికిలంత సంగటి ముద్ద పెట్టి, నేను అన్నంలా నమలడం చూసి మర్యాదగా తల తిప్పుకున్నాడు. సంగటి నమలకూడదట, మింగాలట. అదీ సరిగ్గా చేయలేకపోయాను.

మంగళవారం, పుంగనూరు

పుంగనూరు ఆవు చాలా పొట్టిదని చిన్నప్పుడు విన్నాను. బస్టాండులో ముగ్గుర్ని అడిగాను. ఊళ్ళో లేవప్పా, ఫోటో కావాలంటే స్టూడియోలో ఉంటుంది అన్నాడొకాయన. ఇక్కడ అందరూ అందరినీ అప్పా అంటారు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. అమ్మ వయసు ఆవిడ అప్పా అని పిలుస్తుంటే మొదట చీదర పుట్టింది. అది ఇక్కడి గౌరవమని తెలిసేసరికి ఆలస్యమైంది.

ఆ ఆవిడ పేరు నాగరత్నమ్మ. పుంగనూరు సెంటరులో టీచరు, ఇన్‌ఛార్జి రెండూ ఆవిడే. అంతకుముందు ఇరవై ఏళ్ళపాటు మండలాఫీసు ఎదురుగా ఒక పంచలో తెలుగు టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టింది. పొలం గట్టు తగాదాలు, పింఛన్లు, బోరుబావి దరఖాస్తులు, ఊళ్ళో కష్టాలన్నీ ఆవిడ వేళ్ళ కిందుగా పోయినవే. ట్రస్టు వాళ్ళ ప్రకటన చూసి, మూడు నెలల కంప్యూటరు కోర్సు చేసి, ఈ ఉద్యోగం తెచ్చుకుంది. పక్కా ఉద్యోగం కాదు. శుక్రవారం నాడు ట్రస్టు కోఆర్డినేటరు వస్తాడు. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ చేత మిషన్లో తెలుగు పాఠం కొట్టించి చూపిస్తే ఖాయం చేస్తాడు, లేకపోతే చిత్తూరులో ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు. టైపు మిషనుకు గుడ్డ కప్పి అటక మీద పెట్టేశానని, పంచలో తన జాగా వేరే వాళ్ళకు ఇచ్చేశానని ఆవిడే చెప్పింది. చెప్తున్నప్పుడు ముఖం వెలిగిపోతోంది.

నేను రెండు సీడీలూ బల్ల మీద పెట్టి టిఫినుకు వెళ్ళాను. దోసెలు ఇక్కడ మందంగా, మెత్తగా వేస్తారు. మూడు తిని తిరిగొచ్చేసరికి సెంటరంతా ఊదుబత్తి వాసన. పది మిషన్లకూ పది బొట్లు. మౌసుకు బొట్టు, కీబోర్డుకు బొట్టు, స్విచ్చి బోర్డుకు బొట్టు. నా రెండు సీడీలకూ పసుపు, దాని మీద కుంకుమ. పండగ నాటికి ఇవి ఇంకా రాలేదు కదా, అందుకని ఈ రోజు చేశానని చెప్పి నా చేతిలో కాస్త చక్కెర పొంగలి పెట్టింది. తిన్నాను కూడా.

సీడీ పెట్టాను. ముప్పావు గంటకు విండోస్ ఎక్కింది. తెలుగు ఎక్కలేదు.

నాకు లోపలి నుంచి మంట లేచింది. మదనపల్లె నుంచి దాచుకున్నదంతా ఆవిడ మీద కుమ్మరించాను. సీడీకి కుంకుమ పెట్టమని ఎవరు చెప్పారన్నాను. ఇది దేవుడి పటం కాదన్నాను. ఇలాంటి వాళ్ళను టీచర్లుగా పెడితే ఇంతే అన్నాను. మా అమ్మ వయసు మనిషిని నువ్వు నువ్వు అన్నాను. మా ఊళ్ళో ఆ మాట మా నాన్న విని ఉంటే నా వీపు పగిలేది.

ఆవిడ సీడీ చేతిలోకి తీసుకుని అంచు పట్టుకుని తిప్పి చూపించింది.

"రాసిన పక్కనే పెట్టినానప్పా. మెరిసే పక్కకు సెయ్యి గూడా తగల్లేదు."

నిజమే. సీడీలో రాత అంతా మెరిసే పక్క నుంచి చదువుతుంది మిషను. పై పక్క బొట్టు పెట్టినా, ముగ్గు వేసినా దానికి పట్టదు. ఆ సంగతి నాకు తెలుసు. మూడు నెలల కోర్సు చేసిన ఆవిడకూ తెలుసు. నేను సీడీ లాక్కుని, బొటనవేలితో ఆ బొట్టు అదిమి తుడిచి, ఎర్రబడిన వేలు ఆవిడ ముఖం ముందు పెట్టాను, సాక్ష్యంలాగా.

ఆవిడ ఆ వేలిని దాటి నా ముఖంలోకి చూసింది. తర్వాత అసలు అడగాల్సింది అడిగింది.

"మదనపల్లెలో సరిగ్గా వచ్చినాదా అప్పా?"

"వచ్చింది," అన్నాను.

నేను అరవడం మానలేదు. ఆ అరిచిన సేపట్లో చేత్తో కాపీ చేసి ఉంటే నాలుగు మిషన్లైనా అయ్యేవి. మధ్యాహ్నం కరెంటు పోయింది. బస్సు వేళ వరకూ రాలేదు. పని సగంలో ఆగింది కాబట్టి ఫారంలో కారణం రాయాలి. "సెంటరు ఇన్‌ఛార్జి సీడీలకు పసుపు కుంకుమ పూయడం వలన" అని రాశాను. కింద ఇన్‌ఛార్జి సంతకం కూడా ఉండాలి. కాగితం ఆవిడ ముందుకు తోశాను. ఇరవై ఏళ్ళు ఇతరుల అర్జీలు కొట్టిన మనిషి, ఏ కాగితాన్నీ చదవకుండా వదలదు. పై నుంచి కింది దాకా చదివింది.

"దీని మీద నేను సంతకం పెట్టల్లా అప్పా?"

"రూలు," అన్నాను.

పెట్టింది. గుండ్రటి, పొందికైన సంతకం. బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి ఆ కాగితం కోఆర్డినేటరుకు ఫ్యాక్సు చేసి పలమనేరు బస్సెక్కాను.

బుధవారం, బైరెడ్డిపల్లె రోడ్డు మీద

పలమనేరు నుంచి కుప్పం పోతుంటే బైరెడ్డిపల్లె దాటగానే బస్సు ఆగిపోయింది. గంటన్నర. రోడ్డుకు రెండు వైపులా రాళ్ళు, చెనక్కాయ చేలు, అక్కడక్కడా బోర్ల గొట్టాలు. మా వైపు కాలవ గట్టు తెగితే తిట్టుకుంటాం, నీళ్ళు ఎక్కువై. ఇక్కడి వాళ్ళు వెయ్యి అడుగులు లోపలికి పోయి వెతుక్కుంటున్నారు.

చేను గట్టు మీద కూర్చున్న ఒక రైతు ఉడకబెట్టిన చెనక్కాయలు దోసిలి నిండా పెట్టాడు. పైసా తీసుకోలేదు. ఎదురుగా ఉన్న ఎండు బోరు కథ చెప్పాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచి నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పే మనిషిని పిలిపించాడట. టెంకాయ నిలబడిన చోట వేయించాడట. దుమ్ము తప్ప చుక్క రాలేదు. ఆ మనిషిని నిలదీస్తే ఏమన్నాడని అడిగాను.

"టెంకాయది తప్పంట," అన్నాడు రైతు.

నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

బుధవారం, కుప్పం

కుప్పంలో ఒకే మనిషి ఒకే వాక్యంలో మూడు భాషలు కలిపేస్తాడు. కూరగాయల దుకాణంలో తెలుగులో అడిగితే అరవంలో ధర చెప్పి, కన్నడంలో పక్కవాణ్ణి చిల్లర అడిగింది ఒకావిడ. సెంటరు చూసుకునే మునెప్పకు యాభై దాటాయి. బస్సు ఆలస్యానికి నన్నొక్క మాట అనకుండా ఇంటికి తీసుకెళ్ళి, ఉలవచారు పోసి అన్నం పెట్టించాడు. మా తెనాలి వైపు ఉలవచారు చిక్కగా, నల్లగా ఉంటుంది. వీళ్ళది పలుచన, వెల్లుల్లి ఎక్కువ. బాగుందని చెప్పాలి కదా, చెప్పలేదు. నాకు అప్పటికింకా కోపమే.

సెంటరుకొచ్చి చూస్తే ఇంకో దరిద్రం. ఖర్చు తగ్గుతుందని పది మిషన్లలో తొమ్మిదింటికి సీడీ డ్రైవే పెట్టించలేదు. ఉన్న ఒక్క మిషన్లో నా సీడీ పెట్టాను. పుంగనూరు సీడీయే. సబ్బుతో కడిగాను గానీ అంచున పసుపు ఇంకా ఉంది. విండోస్ ఎక్కింది, తెలుగు ఎక్కలేదు. కుంకుమ తడి లోపలికి దిగినట్టుందని మునెప్పతో అన్నాను. ఆయన తలూపాడు.

మిగతా తొమ్మిదింటికీ దారి ఒక్కటే. సీడీలో ఉన్నదంతా ఈ మొదటి మిషన్లోకి దింపి, అక్కడి నుంచి వైరు మీద ఒక్కొక్కదానికీ పంపాలి. ఆఫీసులో చేసినట్టే. తిట్టుకుంటూ మొదలుపెట్టాను. గంట తర్వాత రెండో మిషను తెరిచి చూస్తే తెలుగు ఉంది. అక్షరాలు, కీబోర్డు, పాఠాలు, అన్నీ. మూడో దాన్లోనూ ఉన్నాయి.

మునెప్ప నా వెనక నిలబడి చూస్తున్నాడు. "అదే సీడీ గదప్పా," అన్నాడు.

అదే సీడీ. అదే కుంకుమ సీడీలోంచి దింపిన ఫైళ్ళు. ఒక్కటి కూడా చెడలేదు. ఆ సీడీలోనే సహాయం పేరుతో ఒక ఫైలు ఉంటుంది. ఎవరూ తెరవరు. తెరిచాను. వైరు మీద ఎక్కించేటప్పుడు ఆ ప్రత్యేకమైన ఫోల్డరు విండోస్ ఫైళ్ళున్న ఫోల్డరు లోపల ఉండాలి. సీడీ నుంచి ఎక్కించేటప్పుడు దాని పక్కన, బయట ఉండాలి. లోపల పెడితే సీడీ దాన్ని చూడనే చూడదు, తప్పని చెప్పనూ చెప్పదు. నేను ఆఫీసులో వైరుకు తగ్గట్టు లోపల పెట్టుకుని, అలాగే సీడీ చేశాను. ఆ ఫోల్డరు పట్టుకుని ఒక గడప బయటికి తెచ్చి పెడితే అయిపోయేది. ఒక్క నిమిషం పని.

కోఠీ కొట్టువాడిది కాదు, కరెంటుది కాదు, ఆవిడది అసలే కాదు. నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది.

వెంటనే కోఆర్డినేటరుకు ఫోను చేశాను. నేను నోరు తెరిచే లోపలే ఆయన నన్ను మెచ్చుకున్నాడు. మంచి పని చేశావు, శుక్రవారం అందరి ముందూ పరువు పోయేది, ఆవిడను పొద్దున్నే తీసేశాను, చిత్తూరు అమ్మాయి రేపు చేరుతుంది అన్నాడు. తప్పు నాదండీ అన్నాను. ఆవిడ సంతకం పెట్టింది కదా అన్నాడు. తప్పు లేనిదే ఎవరైనా సంతకం పెడతారా అన్నాడు. నువ్వు చెప్పేది ఏదైనా ఉంటే రాసి పంపు అని పెట్టేశాడు.

గురువారం, మళ్ళీ పుంగనూరు

ఆ రాసి పంపిన దానివల్ల ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. ఏమీ జరగలేదు. ఫోల్డరు సరిచేసి తీసుకున్న కొత్త సీడీతో గురువారమే పుంగనూరు మిషన్లు పూర్తిచేశాను. తెలుగు తనంతట తానే ఎక్కింది, పదింటికీ. శుక్రవారం వాటి ముందు చిత్తూరు అమ్మాయి నిలబడింది. హైదరాబాదు నుంచి వారం వారం కోఆర్డినేటరుకు ఫోను చేశాను. పోయిన వారం, ఆ విషయం ముగిసిపోయింది, ఇక చెయ్యొద్దు అన్నాడు. ముగిసిపోయిందట. చేసిన వెధవ పనికి నా ఉద్యోగం ఊడలేదు, నేను పడాల్సిన మాట ఒక్కటీ పడలేదు. నేను మండిపడేది ఇందుకే.

గురువారం పొద్దున పుంగనూరులో దిగి తిన్నగా మండలాఫీసు దగ్గరికి వెళ్ళాను. పంచలో ఆవిడ పాత జాగా ఆవిడకు దక్కలేదు. చివర, ఎండ పడే మూల ఒక స్టూలు వేసుకుని, టైపు మిషను ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. ఆ లేవబోవడం నన్ను చంపేసింది. కూర్చోండమ్మా, ఉత్తరం ఒకటి కొట్టించాలి అన్నాను.

క్షమించమని అడగడానికి బస్సులో మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఆవిడ మూడు తెల్ల కాగితాలు తీసి, మధ్యలో కార్బన్లు పెట్టి, అంచులు సరిచేసి, మిషన్లోకి ఎక్కించింది. ఎవరికని అడిగింది. కోఆర్డినేటరుకని చెప్పాను. ఆవిడ చేయి ఆగలేదు. విషయం ఏమిటంది. పుంగనూరు సెంటరులో పని ఆగిపోయిన కారణం అన్నాను. కొట్టింది. మంగళవారం నాడు నేను రాసిచ్చిన కారణం నిజం కాదు అన్నాను. కొట్టింది.

ఆవిడ వేళ్ళు మీటల మీదే ఉంచి నా వైపు చూసింది.

"తప్పు ఎవరిదని కొట్టమంటారప్పా?"

"నాదని కొట్టండమ్మా."

కొట్టింది. ఫోల్డరు సంగతి చెప్పాను, అదీ కొట్టింది, ఒక్క మాట కూడా మళ్ళీ అడగకుండా. అయిపోయిందనుకుని నేను జేబులో పెన్ను వెతుక్కుంటుంటే, కాగితం ఇంకో వరస పైకి తిప్పింది.

"మదనపల్లెలో గూడా రాలేదని రాయల్ల గదా."

ఆవిడకు ఎప్పుడో తెలుసు. నేను "వచ్చింది" అన్నప్పుడే తెలుసు. తెలిసే సంతకం పెట్టింది. రాయండి అన్నాను. మదనపల్లెలో పది మిషన్లలోనూ రాలేదని, అడిగితే వచ్చిందని అబద్ధం చెప్పానని, నా నోటితో చెప్పి ఆవిడ చేత కొట్టించాను.

మిషను పక్క రేకు మీద, పండగ నాటి కుంకుమ బొట్టు ఎండిపోయి ఇంకా ఉంది. ఆవిడ కాగితాలు బయటికి లాగింది. కార్బన్లు విడదీసి, ఒకటి వాళ్ళకు, ఒకటి నాకు అని పక్కన పెట్టింది. మూడోది తన రేకు పెట్టెలో పెట్టుకుంది. తర్వాత మొదటి కాగితం నా ముందుకు జరిపి, కింద ఖాళీ జాగా మీద వేలు పెట్టింది.

"ఈడ సంతకం పెట్టండప్పా," అంది. "రూలు గదా."